కెప్టెన్ సారు చెవి

ఆ రోజు పొద్దున నేను చట్నీ గురించి పోట్లాడుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ మొదట్లో ఇడ్లీ బండి ఉంది. వారం రోజులుగా ఆ బండి మీద పల్లీ చట్నీ పలచబడుతూ వస్తోంది. "ఏంది బిడ్డా, గిది చట్నీయా, చేతులు కడుక్కునే నీళ్లా?" అని బండి ఆమెను అడుగుతుండగా ఫోను మోగింది. మా అపార్టుమెంటు నాలుగో అంతస్తు మేడమ్. "డ్రైవర్ గారూ, సారు వెళ్లిపోయారండీ" అన్నారు. నిద్రలోనే పోయారట. పొట్లం బండి మీదే వదిలేసి వచ్చాను.

ఆయన్ని మేమంతా కెప్టెన్ సారు అనేవాళ్లం. గోదావరి వైపు మనిషి. ప్రయాణికుల విమానాలు నడిపి రిటైరయ్యారు. నేను అన్నిటికన్నా కింది అంతస్తులో ఉంటాను, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. ఏడో తరగతి దాకా చదివాను, అందులో రెండేళ్లు ఏడులోనే. రాయడం నా పని కాదు. కానీ సారు దగ్గర నేర్చుకుని ఇప్పుడు తనే విమానం నడుపుతున్న హయత్‌నగర్ అమ్మాయి ఊరుకోలేదు. "పెద్దకర్మ రోజు చిన్న పుస్తకం పంచుతున్నం. సార్ గురించి నువ్వే రాయాలె తాతా" అంది. తప్పులుంటే ఆమెనే అడగండి.

సారును మొదటిసారి లిఫ్టు దగ్గర కలిశాను. ఊరికే ఉండలేక, "సారూ, మీ బండికి హారన్ ఉంటదా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "ఉంటుందండీ. నేల మీద ఉన్నప్పుడు మెకానిక్కుని పిలవడానికి మాత్రమే" అన్నారు. "మరి గాలిల?" "గాలిలో ఎవరికి కొడతామండీ?" "అట్లయితే ఎల్బీ నగర్ చౌరస్తాల మీరు ఒక్క దినం బతకరు" అన్నాను. అప్పుడు నవ్వారు. ఆ నవ్వుతోనే మా స్నేహం మొదలైంది.

నన్ను ఎన్నడూ నువ్వు అనలేదు. ఎందుకు సారూ అంటే, "యాభై మందిని వెనకాల కూర్చోబెట్టుకుని నడిపినవాణ్ణి నువ్వు అని ఎలా అంటాను?" అన్నారు. నా పెళ్లాం ఈ మాట విని మూడు రోజులు నన్ను గారూ గారూ అని ఏడిపించింది.

పోయిన ఏడాది ఆ అమ్మాయి పనిచేసే కంపెనీ కొత్త విమానాలు కొనాలనుకుంది. ఏవి కొనాలో మీ అభిప్రాయం రాసివ్వండని కొందరు పైలట్లను అడిగింది. అందులో ఈమె ఒకతె. అప్పటి నుంచి డ్యూటీ లేని ఆదివారం సారు ఇంటికి వచ్చేది. మేడమ్ ఉప్మా పెట్టేవారు. సారూ అమ్మాయీ పోట్లాడుకునేవారు, నేను నిప్పు ఎగదోసేవాణ్ణి.

నాకు అర్థమైనంత చెబుతాను. అమెరికా విమానంలో ఇద్దరు పైలట్ల ముందు రెండు హ్యాండిళ్లు ఉంటాయి. ఒకరు తిప్పితే రెండోదీ దానంతటదే తిరుగుతుంది. యూరప్ విమానంలో హ్యాండిల్ ఉండదు, ఎవరి పక్కన వాళ్లకు చిన్న కర్ర ఉంటుంది. ఒకటి కదిలితే రెండోది కదలదు.

"యూరప్‌దే మంచిగుంటది సార్. ముందట జాగా ఉంటది. కాళ్లు చాపుకోవచ్చు, ప్లేటు పెట్టుకుని తినొచ్చు" అనేది అమ్మాయి.

"తిండికి మీ ఆంటీ ఉందిగా. పక్కవాడు ఏం చేస్తున్నాడో నాకు చెప్పక్కర్లేదమ్మా, నా చేతికి తెలియాలి" అనేవారు సారు.

"డ్రైవింగ్ స్కూల్ కారుల నేర్పెటాయనకు గూడ బ్రేకు ఉన్నట్టు" అని నేను మధ్యలో దూరేవాణ్ణి.

"అదే. డ్రైవర్ గారికి అర్థమైంది, నీకు కాలేదు."

ఒకసారి మా డిపో సంగతి చెప్పాను. కొత్త బస్సులు వచ్చేవి. గేరు రాడ్డు సరిగ్గా మోకాలి దగ్గర, గేరు మార్చినప్పుడల్లా తగిలేది. ఏ బస్సు కొనాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. కొబ్బరికాయ మాత్రం మా చేతనే కొట్టించేవారు. సారు ఉప్మా ప్లేటు పక్కన పెట్టి, "మాకూ అంతేనండీ. కొత్త విమానం ముందు నిలబెట్టి ఫొటో తీసేవారు. అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఇన్నాళ్లకు ఈ పిల్లని అడిగారు" అన్నారు. అమ్మాయి రిపోర్టులో ఒక పేజీ సారు అనుభవం కింద రాసుకుంది. ఆ పేజీ ఆయన ఆమె చేత నాలుగుసార్లు చదివించుకున్నారు.

ఈ వానాకాలంలో సారు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆక్సిజన్ మిషను పెట్టారు. మంచానికీ మిషనుకూ మధ్య ఆయన ముక్కుకు ట్యూబు. లిఫ్టు సరిగ్గా అప్పుడే చెడింది, బాగుచేసే దిక్కు లేదు. మేము మెట్లెక్కి వెళ్లేవాళ్లం, ఆయన దిగలేరు. బాల్కనీకి పావురాల కోసం వేయించిన ఇనుప గ్రిల్లు, కింద బస్సుల హారన్లు. ఆకాశమంతా తిరిగిన మనిషి ఒక గదిలోనే ఉండిపోయారు. డాక్టరు రోజూ నాలుగడుగులు వెయ్యమన్నాడు. మేడమ్ బతిమాలారు, ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ ఇంట్లోంచి బయటికి వెళ్లేది ఇక ఆయన మాట ఒక్కటే, అదీ అమ్మాయి రిపోర్టులోని ఆ పేజీలో.

పడుకున్నా చెవి పనిచేసేది. తుర్కయంజాల్ మీదుగా ఎయిర్‌పోర్టుకు దిగే విమానాలు గాలి ఇటు ఉన్నప్పుడు వినపడతాయి. కళ్లు మూసుకునే ఏ విమానమో చెప్పేవారు. "యూరప్‌ది. రెక్క కింద సన్నగా ఈల వేస్తుంది, వినండి." ఏ విమానం పోతోందో చూపించే మ్యాపు ఫోనులో ఉంటుంది. నేను దాంట్లో చూసేవాణ్ణి. ప్రతిసారీ ఆయన చెప్పిందే.

ఒక సాయంత్రం ఒకటి పోయింది. "యూరప్‌ది" అన్నారు కళ్లు తెరవకుండా.

"తప్పు సారూ. అమెరికాది" అన్నాను.

కళ్లు తెరిచారు. "కాదు."

"ఫోన్ల గిట్లనే ఉన్నది మరి."

ఆయన లేచి కూర్చున్నారు. మంచం దిగారు. ట్యూబు వెనక్కి లాగుతున్నా గోడ పట్టుకుని బాల్కనీ దాకా వెళ్లారు. అప్పటికి విమానం లేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు. "చెవి పోయిందండీ. కళ్లతోనే చూడాలి" అన్నారు. రోజూ వెళ్లడం మొదలుపెట్టారు. "ఏం మంత్రం వేశారో గానీ, మంచం దిగారు" అని మేడమ్ నాకు రెండోసారి కాఫీ ఇచ్చారు.

ఆదివారం అమ్మాయి వచ్చింది. "సార్, మీ పేజీ గూడ కలిపి ఇస్తున్న" అంది.

"కొట్టెయ్యమ్మా."

"ఎందుకు సార్?"

"చప్పుడు పోల్చుకోలేనివాడు సలహా చెప్పకూడదు. డ్రైవర్ గారిని అడుగు, ఆయన ముందే తప్పాను."

అమ్మాయి నా వైపు చూసింది. నేను నిజం చెబితే ఆయన మళ్లీ గోడ వైపు తిరుగుతారు. చెప్పకపోతే పేజీ పోతుంది. అన్నేళ్లు బస్సు నడిపాను, ముందుకూ వెనక్కూ పోలేని అంత ఇరుకు గల్లీలో ఎన్నడూ ఇరుక్కోలేదు. "ముసలోళ్లకు చెవులు పోవుడు మామూలే సారూ. నా పెళ్లాం మాట నాకు ఇనవడక ఇరవయ్యేండ్లాయె" అని నవ్వాను. అమ్మాయి నవ్వలేదు. నా ముందే ఆ పేజీ మీద అడ్డంగా గీత గీసింది.

తర్వాత ఇరవై రోజులు సారు ఉన్నారు. రోజూ నడిచారు. చెబుదామని రోజూ నాలుగంతస్తులు ఎక్కాను, చెప్పకుండా దిగాను.

రిపోర్టు ఇంకా ఇవ్వలేదని అమ్మాయి నిన్న అంది. అందుకే ఇది పుస్తకంలోనే రాస్తున్నాను, అందరూ చూస్తారు కాబట్టి తప్పించుకోలేను. బిడ్డా, ఆ గీత తీసెయ్. ఆ సాయంత్రం పోయింది యూరప్ విమానమే. సారు తప్పలేదు. ఉడికించడానికి నేనే అబద్ధం చెప్పాను.

అప్పుడు గ్రిల్లులో వేళ్లు పెట్టి, ట్యూబు వెనక బిగుసుకుపోయి ఉండగా, వెళ్లిపోయిన విమానం కోసం ఆయన చాలాసేపు పైకి చూశారు. ఫోను నా చేతిలోనే ఉంది. ఏదీ, ఒకసారి ఇలా చూపించండి అని ఆయన అడగలేదు.