గోరు దూరని అతుకు

"...అంటే ఇన్నేళ్ళు గోడలు కట్టిన నేను, ఇప్పుడు గోడకి పరుపు వెయ్యాలంటావు?"

"పరుపు కాదు బావా, ఫోమ్ పట్టీ. రెండు పక్కలా, పైనా. వేలు మందం, అంతే. ఎండకి గాజు ఒళ్ళు విరుచుకుంటుంది. దానికి కాస్త చోటుండాలి."

"ఒళ్ళు విరుచుకునేదైతే నీ కొట్లోనే పడుకోబెట్టుకో. నా గోడలోకి ఎందుకు తెచ్చావు?"

గాజు ఇటుకల కొట్టు నడిపే బావమరిది చేతిలోని తెల్లటి పట్టీని చుట్టచుట్టి సంచిలో పెట్టాడు. ఆ సంచిని గోడకున్న మేకుకి తగిలించి, "ఇక్కడే ఉంటుందిలే. తిండి పెట్టక్కర్లేదు," అని వెళ్ళిపోయాడు.

మేస్త్రీని అందరూ సందులేని మేస్త్రీ అనేవారు. రాయికీ రాయికీ మధ్య ఆయన పెట్టే అతుకులో బొటనవేలి గోరు దూరదు. పని పూర్తయిన ప్రతిచోటా యజమానిని పిలిచి, చెయ్యి పట్టుకుని, అతని గోరే అతుకుమీద పెట్టించేవాడు. గోరు జారిపోతే "ఊఁ" అనేవాడు. ఒక ఆసామి ముందురోజే గోళ్ళు కత్తిరించుకున్నాడని, అవి పెరిగేదాకా వారం రోజులు పని అప్పగించలేదు.

ఈ గోరు పరీక్ష తండ్రి నేర్పింది. ఆయనా రాతి మేస్త్రీయే. రాయి ఎంచడం, చెక్కడం, కూర్చడం అన్నీ తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నాడు. కిటికీ చౌకట్లు బిగించే రోజు మాత్రం తండ్రి, "ఇందులో నేర్చుకోడానికేముందిరా, నువ్వెళ్ళి సున్నం తే," అని బట్టీకి పంపేవాడు. కొడుకు వెళ్ళేవాడు. పెళ్ళయ్యాక కూడా వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చౌకట్టు రాతిలో బిగిసి ఉండేది. గోరు దూరేది కాదు.

ఇంట్లోనూ మేస్త్రీది అదే పద్ధతి. భార్య ఒక మాట మొదలుపెడితే రెండోమాటకి సందిచ్చేవాడు కాదు. ఆవిడా అలవాటుపడిపోయి, చెప్పవలసినవన్నీ ఆయన నోట్లో ముద్ద ఉన్నప్పుడే చెప్పేది.

ఇప్పుడు పని జరుగుతున్నది ఆ తండ్రి కట్టిన గోదాములోనే. రెండడుగుల మందం రాతిగోడ, వీధివైపు మూడు కిటికీలు. గోదాము మూతపడ్డాక ఎవరో రెండు కిటికీల చౌకట్లు పీకేసి ఇటుకలతో పూడ్చేశారు. మూడోది పుచ్చిన రెక్కలతో అలాగే ఉండిపోయింది. ఆ గోదాముని కొనుక్కున్న దర్జీ ఆవిడ ఆరు మిషన్లు పెట్టి, పట్టపగలు దీపాలేసుకుని కుడుతోంది. నల్లగుడ్డ మీద నల్లదారం చూసిచూసి కళ్ళు సగమయ్యాయి. ఆవిడకి వెలుతురు కావాలి, వీధిలో పోయేవాళ్ళ చూపులు వద్దు. గాజు ఇటుకలైతే రెండూ కుదురుతాయని బావమరిది చెప్పాడు.

"మీ నాన్నగారి గోడ. మీరైతేనే ఉలి పెట్టనిస్తాను," అంది ఆవిడ. మేస్త్రీ ఆ మాటకి పొంగిపోయాడు. పొంగినట్టు కనపడకుండా, గోడ ఎలా ఉందో చూడాలి అన్నాడు.

గాజు ఇటుకలన్నీ కవలపిల్లల్లా ఒకే కొలత. రాతి కిటికీలు అలా కాదు. పైన ఇరుకు, కింద వెడల్పు, మధ్యలో ఒకవైపు పొట్ట. మామూలు మనిషైతే ఖాళీని సిమెంటుతో నింపి ఊరుకునేవాడు. మేస్త్రీ పూడ్చిన ఇటుకలు తీసేసి, మూడు రోజులు కూర్చుని గాజుకి సరిపోయేలా రాయినే చెక్కాడు. తర్వాత వరస మీద వరస పేర్చి, పక్కలా పైనా గట్టి సిమెంటు కూరి కూరి బిగించాడు. మొదటి రెండు కిటికీలూ పూర్తయ్యేసరికి గదిలోకి నీళ్ళలో నుంచి వచ్చినట్టు తేటగా వెలుతురు వచ్చింది. దర్జీ ఆవిడ తన మిషను దాని కిందికి జరుపుకుని, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేస్త్రీ ఆవిడ చెయ్యి పట్టుకుని గోరు అతుకుమీద పెట్టించాడు.

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం ఎండ సూటిగా గోడమీద పడుతుండగా, ఎవరో మెటిక విరిచినట్టు టిక్కుమంది. మేస్త్రీ తల తిప్పలేదు. కాసేపయ్యాక, సున్నపు మరక తుడిచే నెపంతో దగ్గరికెళ్ళి చూశాడు. రెండో కిటికీలో, పైవరస మూల ఇటుకలో వెంట్రుకంత గీత.

"ఏంటండీ అది?" అంది దర్జీ ఆవిడ, మిషను మీంచి తలెత్తి.

"గాజు పోతలో గీతమ్మా. కొన్నిటికి పుట్టుకతోనే ఉంటుంది."

"మీరన్నాక ఇంకేముంది," అని ఆవిడ మళ్ళీ కుట్టుకోసాగింది.

చెయ్యి పట్టుకుని గోరు పెట్టించే మనిషికి ఆ నమ్మకం గోరులోకి దిగిన కర్రపేడులా సలిపింది. మేకు మీది సంచి వైపు చూడకుండా మూడో కిటికీ పనిలో పడ్డాడు.

పాత చౌకట్టు కిందికి గడ్డపార పెట్టి ఎత్తాడు. తండ్రి బిగించిన చౌకట్టు, పూటంతా పడుతుందనుకున్నాడు. అది పాతచెప్పులోంచి కాలు వచ్చినట్టు సులువుగా వచ్చేసింది. అంచున పలచటి సున్నపు పొర పొడిపొడిగా రాలింది. ఆ పొర వెనక, రాతికీ కర్రకీ మధ్య, నాలుగు పక్కలా వేలు మందం సందు. సందునిండా తారు పూసిన గోనెపీచు తాడు.

అప్పుడే భార్య అన్నం కారియరుతో వచ్చింది. ఆయన చేతిలో వేలాడుతున్న తాడు చూసి, "ఓహో, గోనెసంచులు ఇక్కడికొచ్చాయన్నమాట," అంది.

"ఏ సంచులే?"

"అత్తగారు ఎప్పుడూ తిట్టుకునేవారు కదా, ఇంట్లో గోనెసంచి నిలవదని. మామగారు పీచు తీసి పేనుకుని పనికి పట్టుకెళ్ళేవారట. కర్ర వానకి ఉబ్బుతుంది, చోటు లేకపోతే గోడని తన్నుతుంది అనేవారట. చెబితే సందు పెట్టే మేస్త్రీ అంటారని పైన సున్నం పూసేసేవారట."

"నీకు తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? ముద్ద మింగేదాకానేగా నా టైము!"

మేస్త్రీ తాడుని వేలికి చుట్టుకున్నాడు. ఇంకా మెత్తగానే ఉంది. ఇన్నేళ్ళకీ గోడలో ఎక్కడా బీట లేదు.

వాకిట్లో మాటలు వినిపించాయి. ఇందాక బయటికెళ్ళిన దర్జీ ఆవిడ పక్కవీధి ప్రెస్సు యజమానిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకీ రాతిగోడలే, ఐదు కిటికీలు.

"చూడండి, మీరే పెట్టి చూడండి," అంది ఆవిడ.

ప్రెస్సాయన ఇంకు మరకల గోరు అతుకుమీద జార్చి, "అబ్బే, దూరట్లేదు!" అన్నాడు. "మా ఐదూ కూడా అచ్చం ఇలాగే కావాలి మేస్త్రీ గారూ. వెంట్రుకవాసి తేడా వద్దు."

భార్య కారియరు మూత తియ్యబోయి ఆగింది. మేస్త్రీ తాడుని కిటికీ గట్టుమీద పెట్టి, నడుం పట్టుకుని లేచి, మేకు మీంచి బావమరిది సంచి తీశాడు.

"అమ్మా, ఆ గీత పుట్టుకతో వచ్చింది కాదు," అన్నాడు. "మిషను కాస్త అవతలికి జరుపుకోండి. రేపు పొద్దున ఆ రెండు కిటికీలూ విప్పేస్తున్నాను."