పిన్ని చేతి ఎక్స్‌రే

నా చిన్నప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో మా వీధి మొత్తానికి ఒకే డాక్టరు గారు ఉండేవారు. హస్తవాసి మంచిదని పేరు. ఆయన మాటంటే మా ఇంట్లో వేదవాక్కే. ఒకసారి గ్రహణం నాడు కడుపుతో ఉన్న పక్కింటి అక్కను మా అమ్మమ్మ తలుపులు మూసి గదిలో కూర్చోబెడితే, గ్రహణానికి మొర్రి రాదమ్మా, ఇదంతా తెలియనితనం అని డాక్టరు గారు నవ్వేసి వెళ్లారు. ఎంత గొప్పవారో అనుకున్నాను.

ఆ మరుసటేడు చల్లపల్లి నుంచి మా పిన్ని వచ్చింది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లల్లేరు. మా మెట్ల మీద జారిపడి మణికట్టు వాచిపోతే డాక్టరు గారు ఎక్స్‌రే రాశారు. ఎముక విరగలేదు. రెండు వారాలకు పిన్నికి నెల తప్పిందని తెలిసింది. ఇంట్లో అందరం సంబరపడ్డాం. పిన్ని మాత్రం భయపడి, ఎక్స్‌రే సంగతి ఆయన్నే అడిగింది. ఆయన కాసేపు కలం అటూ ఇటూ తిప్పి, బిడ్డ అవకరంతో పుట్టొచ్చు, తీయించుకోవడమే క్షేమం అన్నారు. ఇంకొకరిని అడిగితే ఆయన్ని అవమానించినట్టవుతుందని మావాళ్లు ఊరుకున్నారు. నాలుగో రోజున పిన్ని ఆస్పత్రి నుంచి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్ని నెలల తర్వాత పిన్ని మళ్లీ మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం డాక్టరు గారే వచ్చారు. కాఫీ వద్దన్నారు. ఎక్స్‌రేల గురించి బాగా తెలిసిన ఒక పెద్ద డాక్టరుతో మాటల్లో ఈ సంగతి వచ్చిందట. చేతికి తీసిన ఎక్స్‌రేలో కడుపుదాకా చేరేది దాదాపు ఏమీ ఉండదట. దానికోసం బిడ్డను తీయించాల్సిన పనే లేదట. డాక్టరు గారు వచ్చి చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అమ్మమ్మ గడపలో నిలబడి వింది. గ్రహణం మాట ఎత్తలేదు.

పిన్ని అడిగింది. "ఆ రోజే ఆ పెద్ద డాక్టర్ని అడిగుంటే తెలిసేదాండీ?"

"తెలిసేదమ్మా. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. నాకు తెలీదని నీ ముందు చెప్పుకోడానికి నామోషీ అనిపించింది."

పిన్ని లోపలికి వెళ్లి, బీరువా మీదున్న ఎక్స్‌రే కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మీ దగ్గరే ఉంచుకోండి అంది. తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తర్వాతెప్పుడో జ్వరమొచ్చి వెళితే, ఆయన కుర్చీ ఎదుట కిటికీ అద్దానికి ఆ ఫిల్మ్ అంటించి ఉంది. పిన్ని ఎముకల్లోంచి ఎండ కనిపిస్తోంది. ఎవరికైనా ఎక్స్‌రే రాసేముందు ఆయన ఒకసారి అటు చూసేవారు. ఆడవాళ్లయితే నెల తప్పిందేమోనని అడిగేవారు. సందేహమొస్తే ఫోను అందుకునేవారు. పిన్నికి మళ్లీ కడుపు పండలేదు. ఆయన్ని నేను క్షమించానో లేదో నాకే తెలియదు.

ఇప్పుడు నేనూ డాక్టర్నే, తల నెరిసింది. పిల్లాడికి మళ్లీ స్కాన్ తీస్తే ప్రమాదమా అని ఏ తల్లో అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పి పంపేద్దామనే అనిపిస్తుంది. అప్పుడు ఆ కిటికీ గుర్తొస్తుంది. నాకు తెలీదమ్మా, కూర్చోండి, కనుక్కుని చెబుతాను అంటాను. ఇన్నేళ్లయినా ఆ మాట సులువుగా రాదు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మా పిన్ని, ఆ రోజు ఇంకో పది నిమిషాలు కూర్చోలేకపోయేదా?