లంగరు తాడు

"ఇది తిమింగలం కాదు తల్లీ," అన్నాడు హెబ్రోను, చెవులకున్న హెడ్‌ఫోన్లు తియ్యకుండానే.

వినీల ముఖం చిన్నబోయింది. సముద్రంలో శబ్దాలు రికార్డు చేసి తిమింగలాల జాడ తీసే చదువు, కావలి ఊరి నుంచి వచ్చే ఆ పిల్లది. మూడు వారాలుగా బోగోలు తీరంలో ఆయన పడవలోంచే నీళ్లలోకి మైకు దించుతోంది. ఇవాళే మొదటిసారి పొడుగాటి మూలుగొకటి దొరికింది.

హెబ్రోనుకు డెబ్బై దగ్గర పడ్డాయి. వయసులో తెడ్డు నీళ్లలో నిలిపి, పైకొసకు చెవి ఆనించి చేపల గుంపు ఎటుందో చెప్పేవాడు. ఇప్పటికీ ఏది విన్నా కళ్లు మూసుకుని, తల ఎడమకు వాల్చి, ఊపిరి బిగబడతాడు. ఒకసారి ఆ తెడ్డులోంచే తిమింగలం పలకడం విన్నానంటే రేవంతా నవ్వింది. నలభై ఏళ్లయినా ఆ నవ్వు ఆగలేదు. మైకు సంగతి తెలిసిన రోజే, పిలవకుండా వచ్చి పడవ ఇచ్చాడు.

"మీరు ఆనాడు విన్నదీ ఇట్నే ఉందని ఇందాక అన్నారు గదా తాతా?"

"ఉంది. అందుకే మూడు తూర్లు విన్నా. అల లేచినప్పుడల్లా మూలగతా ఉంది చూడు. తిమింగలానికి అలతో ఏం పని? ఇది మన లంగరు తాడు, పడవ అంచుకు రాసుకుంటా ఉంది."

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న బెన్హర్ కేకేశాడు: "ఏం పెదనాయనా, నీ తిమింగలం పలికిందా?"

హెబ్రోను హెడ్‌ఫోన్లు తీసి, వైరు నెమ్మదిగా చుట్టాడు.

"లేదురా," అన్నాడు.

తర్వాత వినీల వైపు తిరిగాడు. "నువ్వు ఇంటికి పోయి మీ అమ్మది పాత చీర ఒకటి పట్టుకురా తల్లీ, బాగా నలిగిన నూలుది. రాపిడి మోత రాకుండా తాడుకు చుట్టి, రేపు మైకు మళ్లీ దించుదాం."