తెల్ల దస్తీ

కోరుట్లలో మా ఆడపిల్లల యూత్ మీటింగ్‌కు పాస్టరమ్మ ఏటా ఒక తెల్ల దస్తీ తెచ్చేది. అది అందరి చేతులూ తిరిగి మాసిపోయాక రెండు వేళ్లతో ఎత్తి పట్టుకునేది.

"గిట్ల నలుగురు ముట్టినదాన్ని ఎవలు చేసుకుంటరు, బిడ్డా?" అనేది.

మా చెల్లె మీద బంధువొకడు చెయ్యేసిన ఏడాది కూడా, సంగతి తెలిసీ, అదే పాఠం చెప్పింది. చెల్లె మళ్లీ చర్చి గడప తొక్కలేదు.

మొన్న ఆ పాఠం చెప్పే వంతు నాకొచ్చింది. పాస్టరమ్మను నేనే ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. దస్తీ చేతులన్నీ తిరిగొచ్చాక పిల్లల ముందే బకెట్లో సబ్బుపెట్టి ఉతికాను. పిండకుండానే ఆమె తెల్లచీర ఒడిలో వేశాను.

"ప్రభువు కడుగుతడని మీరే అంటిరి. ఇగ మరక ఏడున్నదో చూపెట్టుండ్రి, అమ్మా."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వెతికింది. నేను వెతకనిచ్చాను.