తెల్ల కోట నుంచి కోర్టు దాకా గంగారాంతో

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మేడమ్ రాస్తోంది. దోహాలో కోర్టు పని పడ్డ మనవాళ్ళకు దారి తెలుస్తుందని చెబుతున్నాను.

మా మరిది గంగారాం ఇక్కడ కంపెనీ వ్యాను నడుపుతాడు. రెండేళ్ళ కిందట ఒక మనిషి వ్యానుకు అడ్డం వచ్చి కాలు విరగ్గొట్టుకున్నాడు. కేసు తేలే దాకా గంగారాం దేశం దాటకూడదన్నారు. అప్పటికి ఊళ్ళో అతని భార్య లావణ్య నిండు చూలాలు. ఆ బిడ్డ ఇప్పుడు నడుస్తోంది. తండ్రిని ఫోనులో తప్ప చూడలేదు. మొన్న మంగళవారం తీర్పన్నారు. మా ఆయన పోయాక ఈ దేశంలో గంగారాంకు నేను, నాకు గంగారాం. తోడు రమ్మన్నాడు.

పొద్దున ఆరున్నరకు అల్ వుకైర్‌లో, నేను వంట చేసే ఇంటి సందు చివర బస్సెక్కాను. మెట్రో స్టేషను దాకా ఆ బస్సుకు డబ్బులు అడగరు. మెట్రోకు రెండు రియాళ్ళు. ఆడవాళ్ళకు ఫ్యామిలీ పెట్టె ఉంది, అందులో చోటు దొరుకుతుంది. ముషైరిబ్‌లో బండి మారి, సూక్ వాకిఫ్ అనే పాత బజారు దగ్గర పైకొచ్చాను.

సూక్ పక్కనున్న తెల్ల కోట ముందు ఎనిమిదింటికి కలవాలి. ఇంకా టైం ఉందని గడియార స్తంభం దాకా నడిచాను. తెల్లగా, సన్నగా నిలబడి ఉంది. పక్కన పెద్ద మసీదు. అంకెలు రాకపోయినా ముల్లు చూసి ఏడు ముప్పావైందని తెలుసుకుని వెనక్కొచ్చాను.

కోట ముందు గంగారాం కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నొసట బొట్టు. నా కాళ్ళు ఆగిపోయాయి. మొగుడు పోయిన ఆడది పని మీద పోయే మనిషికి ఎదురు రాకూడదని మా వైపు పట్టింపు. గోడ చాటుకు తప్పుకున్నాను. అతను ముందు నడిస్తే వెనక పోదామనుకున్నాను. ఫోను మోగింది.

"వదినె, ఏడున్నవ్?"

"నువ్ నడువు. నేను ఎనుక వస్త."

"ఎదురు రావద్దని దాసుకున్నవా? నీ చీర కొంగు కనవడుతుంది. నువ్వు ముంగటికి రాంది నేను కోర్టుకు పోను. జల్ది రా, యల్లా!"

"ఇయ్యాల్నన్న నా మాట ఇను."

"ఇన. అన్న పోయినంక నా ఆకలి అడిగింది నువ్వే. మంచైనా చెడైనా నీ మొకం చూసే పోత."

జడ్జి ఆగడు కదా. బయటికొచ్చి, అతనికి ఎదురుగా నడిచాను. నవ్వుతూ టాక్సీ ఆపాడు.

కోర్టు అంతా అద్దాలే. తలుపు దగ్గర సంచీ చూస్తారు, తొందరగా పోవడం మంచిది. గంగారాంను లోపలికి పిలిచారు. నేను ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చున్నాను. నేను కళ్ళు మూసుకుని మొక్కుకోవడం చూసి పక్కనున్న నేపాలీ ఆమె "డరో మత్, దీదీ", భయపడకు అక్కా అని మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఆ సీసా ఖాళీ కాకముందే గంగారాం వచ్చాడు.

"ఖలాస్ వదినె, కేసు అయిపోయింది! నా తప్పు లేదని జడ్జి అన్నడట, హిందీల చెప్పిండ్రు. కాగితం వారంల ఇస్తరట. ఇగ ఇంటికి పోవచ్చు."

"లావణ్యకు ఫోన్ చెయ్యి మరి."

"వచ్చే నెల, వచ్చే నెలని ఎన్నిమాట్లు చెప్పిన! ఇప్పుడు నమ్ముతదా?" అని ఫోను జేబులో పెట్టేశాడు.

మళ్ళీ కోట దగ్గరికే వచ్చాం. ఇన్నేళ్ళున్నా అతను దాన్ని సరిగ్గా చూడలేదు. నాలుగు మూలలా బురుజులు, మందమైన గోడలు. ఇది ఒకప్పుడు జైలని కాపలాదారు చెప్పాడు.

"మూసి మంచి పని చేసిండ్రు," అన్నాడు గంగారాం. ఇద్దరం పడీపడీ నవ్వాం. సూక్‌లో పావురాలకు గింజలు వేసి, నజ్మా పేటలోని తెలుగు హోటలుకు పోయి పప్పు, పచ్చిపులుసుతో కడుపునిండా తిన్నాం.

నాలుగింటికి తిరుగు మెట్రో. నా వెంట ఉన్నాడు కాబట్టి అతన్నీ ఫ్యామిలీ పెట్టెలోకి రానిచ్చారు. అప్పటికి ధైర్యం వచ్చి లావణ్యకు వీడియో ఫోను కలిపాడు. ఆమె బీడీలు చుడుతోంది. సంగతి విని తల ఎత్తలేదు.

"మల్ల వచ్చే నెలనేనా? అక్కకియ్యి ఫోను."

తీసుకున్నాను.

"అక్కా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముత."

నా గొంతు అసలే మొరటు. సంతోషంలో ఇంకా పైకి లేచింది.

"వస్తుండు పిల్లా! నీ మొగుడు వస్తుండు!"

పెట్టెలో ఆడవాళ్ళంతా మా వైపు తిరిగారు. లావణ్య చేతిలోని బీడీ ఆకు కింద పెట్టేసి, బిడ్డను పిలవడానికి లేచింది.