మరదలు రాసిన ప్లగిన్

కరోనా రోజుల్లో హైదరాబాదులో గది ఖాళీ చేసి గిద్దలూరు వచ్చిన నేను మళ్లీ వెళ్లలేదు. ఇంటి నుంచే చేసుకునే పని దొరికింది. కాలేజీలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పుకోవడానికి వాడే ఉచిత వేదిక ఒకటుంది. దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను ప్లగిన్లు అంటారు. విద్యార్థి ఫీజు కట్టగానే అతన్ని కోర్సులో చేర్చుకుని, గడువు దాటితే తీసేసే ప్లగిన్ నేను రాశాను. ఎక్కడెక్కడి కాలేజీలూ దాన్ని వాడుకునేవి. మా మేనమామ తన ఇనుప సామాను దుకాణంలో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ మా అల్లుడు ఇంట్లో ఉండి దేశమంతటికీ పని చేస్తున్నాడని చెప్పేవాడు. నా చెవిన పడేటట్టే చెప్పేవాడు. నేనూ పడేటట్టే కూర్చునేవాణ్ణి.

ఆయన కూతురే నా భార్య. పెళ్లికి ముందు యర్రగొండపాలెంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఆ పని మానేసి ఇక్కడికి వచ్చాక ఊరికే కూర్చోలేక నా పక్కన కుర్చీ వేసుకుని ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టింది. నేర్పింది నేనే. కొన్నాళ్లు ప్రతిదానికీ నన్ను అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఆమెకు నా అవసరం తీరిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక కాలేజీవాళ్లు నాకు మెయిల్ పెట్టారు. మధ్యలో చదువు ఆపి కొన్ని నెలలకు తిరిగి వచ్చే పిల్లల్ని ఏం చేయాలని అడిగారు. నా ప్లగిన్ వాళ్లను తీసేస్తే మార్కులు కూడా కనిపించకుండా పోతున్నాయట. అది కుదరదని జవాబు రాశాను. నా భార్య ఆ మెయిల్ చదివి, కుదరకపోవడమేంది అంది. ఆమె బడిలో మిరపకాయ కోతల కాలం రాగానే కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట గుంటూరు వైపు వెళ్లిపోయేవారట. హెడ్‌మాస్టరు వాళ్ల పేర్లు కొట్టేయమన్నా ఈమె కొట్టేసేది కాదట. వచ్చేదాకా వాళ్ల చోటు అట్లాగే ఉంచేదట. అదే పని చేసే ప్లగిన్ రాస్తానంది. ఎవరికి కావాలి అన్నాను.

చాలామందికే కావలసి వచ్చింది. ఆమె ప్లగిన్ బయటపెట్టిన కొన్ని వారాలకే వాడేవాళ్ల లెక్కలో నా దాన్ని దాటిపోయింది. రోజూ పొద్దున పళ్లు తోముకోకముందే ఫోనులో రెండింటి పేజీలూ తెరిచి చూసేవాణ్ణి. ఎవరో ఆమెను మెచ్చుకుంటూ రాస్తే, అందులో అక్షర దోషాలు వెతికేవాణ్ణి. ఆన్‌లైన్ సమావేశంలో మాట్లాడమని ఆమెను పిలిచారు. వంటింట్లో నిలబడి గోడ అవతల నుంచి విన్నాను. ఎక్కడన్నా తడబడుతుందేమోనని చూశాను. తడబడలేదు. మామ దుకాణంలో మాట కూడా మారింది. ఇప్పుడు మా అల్లుడు కాదు, మా అమ్మాయి.

ఆ తర్వాత ఆమె ప్లగిన్ మీద ఒక ఫిర్యాదు వచ్చింది. చదువు మధ్యలో ఆపిన పిల్లల్ని అది కోర్సులో సరిగా ఉంచడం లేదని మార్కాపురం కాలేజీ ఒకటి రాసింది. చదివి నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. నేనూ వస్తానని, ఆమెతో పాటు రైలెక్కాను.

కాలేజీ కంప్యూటర్ గదిలో ఆమె కాసేపు చూసి కుర్చీ నా వైపు జరిపింది. ఆమె ప్లగిన్ చోటు ఉంచిన పిల్లల్ని గడువు దాటిందని తీసేస్తున్నది నా ప్లగినే. అక్కడి మేడం ముందు ఆమె ఆ మాట అనలేదు. ఇద్దరం కలిసి సరిచేస్తామని మాత్రం చెప్పింది. అన్నా బాగుండేది. ఆమె మంచితనం నాకు ఇంకా మండింది.

తిరుగు రైలు కంభం దాటింది.

"బావా, నీకు కుళ్లుగా ఉందా ఏంది?" అంది.

"ఉంది" అన్నాను.

ఆమె నవ్వలేదు, బాధపడినట్టూ లేదు. "చిన్నప్పుడు కూడా లెక్కల్లో నాకు ఎక్కువ మార్కులొచ్చినాయని అన్నం మానేసినావంట గదా. అత్త చెప్పింది."

"ఆకలి లేక మానేసినా."

"సర్లే. కుళ్లుకుంటే కుళ్లుకో, నేనేం అనను. నీ దాంట్లో ఆ ముక్క మాత్రం సరిచెయ్యి. పిల్లోల్లు ఆగిపోయినారు."

మరునాడు కూర్చుని సరిచేశాను. తీసేసే ముందు ఆమె ప్లగిన్‌ను అడిగి, అది వద్దంటే ఆగేటట్టు రాశాను. రాస్తున్నంతసేపూ అది నాకు ఆమె దగ్గర సెలవు అడుగుతున్నట్టే ఉంది. రెండూ కలిసి బాగా పనిచేస్తున్నాయని మార్కాపురం మేడం మెయిల్ పెట్టింది. రెండూ వాడేవాళ్లు పెరిగారు, ఆమెదానికే ఎక్కువమంది పెరిగారు.

ఈమధ్య అన్నం తింటూ కొత్త ఆలోచన ఒకటి చెప్పింది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో పిల్లల పేర్లన్నీ టీచరు ఫోనులోనే రాసిపెట్టుకుని, సిగ్నల్ దొరికినప్పుడు ఒకేసారి చేర్చేటట్టు ఒక ప్లగిన్. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. యర్రగొండపాలెం అడవి అంచు ఊళ్లకు నేనూ ఎన్నోసార్లు వెళ్లాను, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. నాకెందుకు తట్టలేదా అనుకుంటూ మజ్జిగ పోసుకున్నాను.