ఐదో పుస్తకంలో లేని ఊరు

మా నడిపి కూతురికి తొమ్మిదేళ్ళు నిండాక తెలిసింది నాకు, ఆ పిల్లకు చదవడం రాదని. ఇంగ్లీషు సంగతి కాదు నేను చెప్పేది. తెలుగు కూడా రాదు. పలక మీద ‘అమ్మ’ అని రాసి చూపిస్తే, బొమ్మను చూసినట్టు చూసి ఊరుకుంది. ఇంతకీ దానికి చదువు చెప్పిన టీచరు ఎవరంటే నేనే. నాలుగేళ్ళుగా ముగ్గురు కూతుళ్ళనూ ఇంట్లోనే కూర్చోబెట్టుకుని నేనే చదివించాను. ఆ సంగతి మా ఆత్మకూరులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా.

కరోనా రోజుల్లో మొదలైంది ఇది. అప్పుడు ఇంట్లో ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు. బడులు మళ్ళీ తెరిచాక పెద్దదాన్ని పంపాను. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం అది సైన్సు పాఠం మొత్తం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. ఆవిరి అంటే ఏంటని అడిగితే తెల్లమొహం వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని. ఈ బట్టీ చదువు నా పిల్లలకు అక్కర్లేదు, నేనే చెప్పుకుంటానని పట్టుబట్టాను.

మా ఆయన షాపులో నుంచే తల తిప్పి, “చెప్పుకో. కానీ నడిపిదానికి పదేళ్ళు నిండేలోపల ఉదయగిరి తీసకపోయి మీ అక్కకు చూపించాల. ఆమె సరేనంటే ఇంట్లోనే ఉంచుదాం. లేదంటే ముగ్గుర్నీ బళ్ళో ఏసేదే,” అన్నాడు. మా అక్క ఉదయగిరిలో ఉంటుంది. సీతారామపురం వైపు ఒక పల్లెలో సర్కారు బడి టీచరు. ఒకే గదిలో ఐదు తరగతులనూ ఒక్కతే నడిపే మనిషి. నేను వెంటనే ఒప్పుకున్నాను. నెగ్గేది నేనేనన్న ధీమా మరి.

ముగ్గురికీ మూడు వేరువేరు పాఠాలు చెప్పడం నా వల్ల అయ్యే పని కాదని మొదటి నెలలోనే తేలిపోయింది. అప్పుడే నెల్లూరులో ఒక పాత పుస్తకాల కొట్లో ఎనిమిది ఇంగ్లీషు పుస్తకాల కట్ట దొరికింది. ఎప్పటివో పిల్లల కథలు. ఒక అన్నా చెల్లెలూ పాడుబడ్డ బావిలోకి దిగి ఇంకో రాజ్యంలో తేలతారు. పేరు మాత్రం చెప్పను. చెబితే అవి ఏ వయసు పిల్లలు చదవాలో నాకు నేర్పడానికి పదిమంది తయారవుతారు.

మా చదువంతా ఆ కట్టలోనే. పెద్దది ఒక పేజీ పైకి చదివేది. నేను అర్థం చెప్పేదాన్ని. నడిపిది దాన్ని తిరిగి తెలుగులో కథలా చెప్పేది. చిన్నది బొమ్మ గీసేది. ఆ రాజుగారి సైన్యానికి నెలకు ఎన్ని బస్తాల బియ్యం కావాలన్నది మా లెక్కల పాఠం. వంటింటి నేల మీద ముగ్గుపిండితో ఆ రాజ్యం పటం వేసుకున్నాం. మధ్యలో ఒక నది ఉంటే దాన్ని పెన్న అనే అనేవాళ్ళం. ఇక రాతపని అంటే, నడిపిది పుస్తకంలో చూసి రోజూ ఐదు వరుసలు రాసేది. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. వచ్చినవాళ్ళకల్లా ఆ నోటుబుక్కు తెరిచి చూపించేదాన్ని.

మరి నాలుగేళ్ళు ఎలా కనిపెట్టలేకపోయావని ఇప్పుడు అందరూ అడుగుతారు. దానికి మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మాది హోల్‌సేల్ కిరాణా. వరికుంటపాడు నుంచీ ఇంకా పైన పల్లెల నుంచీ చిన్న కొట్లవాళ్ళు ఫోను చేసి సరుకుల జాబితా ఏకరువు పెడతారు. మా మామగారు అది ఒక్కసారి విని, నలభై సరుకులు ఒక్కటి పోకుండా తిరిగి చెప్పేవారు. ఆయన్ను చూసి మా ఆయన, మా ఆయన్ను చూసి మా మరిది, అందరిదీ అదే దారి. చీటీ రాసుకోవడం మా ఇంట్లో నామర్దా. చీటీ చేతిలో పట్టుకున్న గుమాస్తాను చూసి నవ్వుతారు. నడిపిది ఐదో ఏట నుంచే తాత పక్కన కూర్చుని ఆ జాబితాలు పొల్లుపోకుండా ఒప్పజెప్పేది. “నా బుర్రే వచ్చింది దీనికి,” అని ఆయన దాని తల నిమిరేవారు. కాగితం ముట్టుకోకుండా పని చేసే పిల్లను చూసి ఇంటిల్లిపాదీ పొంగిపోయాం. కాగితం ఎందుకు ముట్టుకోవడం లేదని ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఐదో పుస్తకానికి వచ్చేసరికి పెద్దదాన్ని పై ఏడాది ప్రైవేటుగా రాయాల్సిన పదో తరగతి పరీక్షకు తయారుచేసే హడావిడిలో పడ్డాను. “మధ్యాహ్నం పూట చెల్లికి నువ్వే చదివి చెప్పు,” అని ఐదో పుస్తకం నడిపిదాని చేతిలో పెట్టాను. నేనైతే ఆ పుస్తకం తెరవనేలేదు. చిన్నది రోజూ నోరు తెరుచుకుని వినేది. నెలన్నరలో పుస్తకం అయిపోయింది. నా చదువు పద్ధతి అద్భుతమని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎండాకాలంలో ఇచ్చిన మాట ప్రకారం పిల్లల్ని తీసుకుని ఉదయగిరి బస్సెక్కాను. చిన్నది ఐదో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సగం దారిలో, “అమ్మా, నీళ్ళ కింద ఊరికి తలుపులు లేవు గదా, మరి తాళంచెవులు ఎందుకు?” అని అడిగింది.

“ఏ ఊరే?”

“ఐదో పుస్తకంలో ఊరు. అందరూ తలుపులు ఊడబీక్కోని పోయినారు గదా.”

మా అమ్మ పుట్టిన ఊరు సోమశిల డ్యాము నీళ్ళ కింద ఉంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు వాళ్ళు తలుపులు ఊడబీకి బండ్లలో వేసుకొచ్చారట. మా అవ్వ తాళంచెవిని అలవాటుగా కొంగున ముడేసుకుని వచ్చేసిందట. పోయిన ఏడాది దాకా మా అమ్మ మా దగ్గరే ఉండి ఆ కథ పిల్లలకు వందసార్లు చెప్పింది. ఎక్కడో ఉన్న రచయితకు కూడా మా ఊరి గతే తోచిందా అని ఆశ్చర్యపోయాను. ఇంత మూర్ఖత్వం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు!

అక్క ఇంట్లో కాళ్ళు కడుక్కున్నామో లేదో, నేను మొదలుపెట్టాను. ఐదో పుస్తకం నడిపిది ఒక్కతే చదివిందని, అదీ ఇంగ్లీషులోనని. అక్క పొయ్యి దగ్గర నుంచి చెక్క గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది. “ఏదీ, చదువు చూద్దాం,” అని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

నడిపిది మధ్యలో ఒక పేజీ తెరిచింది. వరుసల వెంట వేలు పెట్టి, గొంతు సవరించుకుని, మా ఇంటి అలవాటు ప్రకారం తెలుగులోనే మొదలుపెట్టింది. “బావి అడుగున ఒక ఊరు ఉండాది. ఇళ్ళకు తలుపులు లేవు. పాప ఒక్కో ఇంటి ముందరా నిలబడి అమ్మను పిలిచింది…” ఎక్కడా తడబాటు లేదు. సరిగ్గా పేజీ చివర ఆగింది, పేజీ తిప్పింది, మళ్ళీ అందుకుంది. చూస్తివా అన్నట్టు అక్క వైపు చూశాను. అక్క చూపు పిల్ల మీద లేదు, పుస్తకం మీద ఉంది.

“మూడో వరుస మళ్ళీ ఒకసారి చదవమ్మా,” అంది. నడిపిది ఇంకో వాక్యం ఏదో చెప్పింది. అక్క నా వైపు తిరిగి మెల్లగా అంది, “ఈ పేజీలో రాజుగారింట్లో విందు జరగతా ఉండాదే. నీళ్ళూ లేవు, ఊరూ లేదు. ఇది చదవతా లేదు. చెప్తా ఉండాది.”

పలక తెచ్చి ‘అమ్మ’ అని రాసింది. నడిపిది బొమ్మను చూసినట్టు చూసింది. ‘ఈగ’ అని రాసింది. పిల్ల కళ్ళు పెద్దదాని వైపు తిరిగాయి. పెద్దది తల దించుకుంది. రోజూ పెద్దది చదివిన పేజీనే, నేను చెప్పిన అర్థాన్నే నడిపిది చెవులతో పట్టుకుని తిరిగి చెప్పేది. ముత్యాల్లాంటి ఆ అక్షరాలు చిన్నది గీసే బొమ్మల్లాంటివే. చూసి గీసింది, అంతే. బట్టీ చదువని బడి మాన్పించినదాన్ని, నా ఇంట్లో నాలుగేళ్ళు చేయించింది బట్టీయే.

సిగ్గును కోపం చేసుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. “ఎందుకు చెప్పలేదే నాకు?” అని అరిచాను.

అది ఏడవలేదు. “నేర్చుకోమని నువ్వు ఎప్పుడన్నా చెప్పినావా? చెల్లికి చదవమన్నావు. అంతే గదా,” అంది. పలకను పక్కకు నెట్టి, “నేను కథ చెప్తే నువ్వు నవ్వతా ఉంటివి. రాదంటే నవ్వతావా?” అంది.

నన్ను ఎవరో లాగి చెంప మీద కొట్టినట్టయింది. అక్క గరిటె కింద పెట్టి, నా వైపు చూడకుండా, “జూన్‌లో ముగ్గుర్నీ బళ్ళో ఏసెయ్. ఇంక మాట్లాడబాక,” అంది. కానీ మేం బయల్దేరేముందు నన్ను పక్కకు పిలిచి, “ఆ ఊరు కథ మాత్రం పోనీబాకమే. పుస్తకంలో దానికంటే బాగుండాది,” అంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్టాండులో దాన్ని గమనించాను. బస్సు బోర్డు వైపు అది తలెత్తి చూడనే లేదు. మనుషుల మాటలు విని, ఇది ఆత్మకూరు బస్సని తేల్చుకుని ఎక్కింది. నాలుగేళ్ళుగా నా కళ్ళముందే అలా తిరిగింది. దారంతా నాకు కన్నీళ్ళు ఆగలేదు.

జూన్‌కు నలభై రోజులుంది. మర్నాడు పొద్దున ఎనిమిది పుస్తకాలూ అటక మీద పెట్టేశాను. నడిపిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఆ ఊరి కథ మళ్ళీ చెప్పు, నేను రాస్తాను,” అన్నాను. అది చెబుతుంటే పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో, పేజీకి రెండే వాక్యాలు పెట్టి రాశాను. అక్షరమాలతో మొదలుపెట్టి, గుణింతాలూ ఒత్తులూ దాటుకుంటూ, అదే దాని వాచకమైంది. షాపులో మామగారికి ఇదంతా నచ్చలేదు. “దానికి కాగితం ఏందమ్మా, బుర్ర ఉండంగా?” అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను.

కథ చివర్లో ఒక చోట నా చెయ్యి ఆగింది. పాప నీళ్ళ కింద ఊళ్ళో తిరిగి తిరిగి చివరి ఇంట్లో అమ్మను చూస్తుంది. పిలుస్తుంది. అమ్మ పాప వైపే చూసి నవ్వుతూ ఉంటుంది. పలకదు. చుట్టూ నీళ్ళు గదా, అమ్మకు వినపడదు. నా కూతురు అలాగే చెప్పింది. నాకు మనసొప్పలేదు. దానికింకా చదవడం రాదులే అన్న ధైర్యంతో, ‘పాప పిలిచింది. అమ్మ పలికింది’ అని రాసి పెట్టాను.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు ఆ పేజీ వచ్చింది. నేను పప్పు ఏరుతున్నాను. అది నేల మీద బోర్లా పడుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. “పా…ప. పి…లి…చిం…ది. అ…మ్మ. ప…లి…కిం…ది.” ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇంతకుముందు ఏనాడూ అది ఒక వరుసను రెండోసారి చూడటం నేనెరగను.

తలెత్తి నా వైపు చూసింది. “అమ్మా, నేను అట్ట చెప్పలేదే. అమ్మ పలకలేదు అన్నాను గదా. నువ్వు మార్చినావు.”

చేతిలో పప్పు చేటలోకి జారిపోయింది. చదివింది. నేను చెప్పకుండా, పెద్దది చదవకుండా, తనకు తెలిసిన కథకు ఎదురుగా ఉన్న మాటను తన కళ్ళతో చదివింది. దాన్ని దగ్గరికి లాక్కుని ఏడ్చాను. అది విడిపించుకుని పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను రాసింది కొట్టేసి, అమ్మ పలకలేదు అని రాశాను. నా భుజం మీదుగా వంగి, ఒక్కో అక్షరం సరిగా రాశానో లేదో చూసుకుంది.